రాజహంసలకు ఋజువు

ఏలూరులో కాలవ గట్టు దగ్గర వెంకటనరసమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపే రోజుల్లో, ఆవిడ చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డదని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట ఆవిడ చెవిన పడకపోలేదు. "చేత్తోనేగా వడ్డిస్తున్నాను. నోటితో వాళ్ళకేం పని" అనేది.

ఆవిడ గణపవరం దగ్గర ఒక పౌరోహిత్యపు కుటుంబానికి కోడలు. చిన్నతనంలోనే భర్త పోయాడు. బావగార్లు ఆవిణ్ణి ఇంట్లోంచి పొమ్మనలేదు. పొయ్యి దగ్గరనుంచి లేవనివ్వనూ లేదు. ఇరవై మంది ఆ ఇంట్లో ఆవిడ వండిన కూర తిని, ఉప్పు ఎక్కువైంది, తక్కువైంది అనేవారే తప్ప, నువ్వు తిన్నావా అన్న పాపాన పోలేదు. ఒకరోజు పొద్దున్నే వెంకటనరసమ్మ పొయ్యిలో నీళ్ళు పోసి, తన ఇత్తడి గుండిగా రెండు పంచెలూ తీసుకుని ఏలూరు వచ్చేసింది. తాడేపల్లిగూడెంలో ఉన్న తమ్ముడు పరువు పోతుందని పరిగెత్తుకొచ్చాడు.

"పూటకూళ్ళు నడుపుతానంటే నలుగురూ ఏమనుకుంటారక్కా?"

"నీ ఇంట్లో నాకు పీట వేసి వచ్చావా నాయనా?"

తమ్ముడు తల వంచుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

అప్పటికి ఏలూరు జిల్లాకి ముఖ్యపట్టణమై ఎంతో కాలం కాలేదు. కచేరీలూ కోర్టులూ వచ్చాయి. వాటి వెనకే భార్యల్ని పల్లెల్లో వదిలిన గుమాస్తాలూ, పంతుళ్ళూ వచ్చారు. వాళ్ళందరికీ వెంకటనరసమ్మ ఇల్లే దిక్కయింది. గోడవారగా పీటలు వేసి, కొల్లేటి తామరాకుల్లో వడ్డించేది. ఆ ఆకుల కట్టలు తెచ్చేది రత్నం. కొల్లేటి లంకల్లో చేపలు పట్టుకుని బతికే ఇంటి మనిషి. నవ్వితే ఇల్లు అదిరేలా నవ్వుతుంది. వెంకటనరసమ్మ కసరకుండా మాట్లాడే మనిషి ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే.

మగవాళ్ళ గొప్పలు ఎప్పుడు బయటికొస్తాయో వెంకటనరసమ్మకి బాగా తెలుసు. పప్పు కలుపుకుంటున్నంతసేపూ బుద్ధిమంతుల్లా తల వంచుకుని తింటారు. కడుపు సగం నిండి చారు దగ్గరికి వచ్చేసరికి ఒకడు తన మాటతో జడ్జీగారు తెల్లబోయారంటాడు. ఇంకొకడు తాను లేకపోతే తాలూకా కచేరీకి తాళం పడేదంటాడు. ఆవిడ చారు పోస్తూ వింటూ ఉండేది. అందరిలోకీ పెద్ద గొప్పలు గంగాధరరావువి.

గంగాధరరావు ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. నలభై దాటిన మనిషి, పెద్ద పొట్ట, సన్నటి గొంతు. ఎవరో తెల్లదొర సీమకి వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తే, ఒక దుర్భిణి కొనుక్కున్నాడు. దొర దాంతో కొల్లేటి మీద పక్షుల్ని చూసేవాడట. అది మెళ్ళో వేసుకున్న మర్నాటినుంచి గంగాధరరావుకి కూడా పక్షుల పిచ్చి పట్టింది. మాఘమాసం వచ్చి చలి తగ్గగానే, ప్రతి ఆదివారం జట్కాలో శ్రీపర్రు వెళ్ళడం, అక్కణ్ణించి పడవ మీద సరస్సులో తిరగడం, రాత్రి భోజనాల వేళకి తిరిగొచ్చి చారు దగ్గర పక్షుల కథలు మొదలుపెట్టడం.

"ఇవాళ బంగారపు ముక్కు పక్షిని చూశానండీ. ముక్కు ఒక్కటే బంగారం. ఒళ్ళంతా నెమలికంఠం రంగు."

"ఎంత ఉంటుందండీ?" అని పక్కపీట మీద రామమూర్తి అడిగేవాడు. ఈయన హైస్కూల్లో సైన్సు మేష్టారు.

"మన వీధి గుమ్మం అంత ఉంటుంది. నా వైపు చూసి మూడుసార్లు తలూపింది."

"మీ ప్లీడరుగారి క్లయింటేమో" అనేవాడు రామమూర్తి. అందరూ నవ్వేవారు. గంగాధరరావు కూడా నవ్వి, వచ్చే వారానికి ఇంకా పెద్ద పక్షితో తిరిగొచ్చేవాడు.

ఆ పక్షుల సంగతి వెంకటనరసమ్మకి రత్నం ఎప్పుడో చెప్పింది. గంగాధరరావు ఎక్కే పడవ రత్నం మొగుడు సూర్రావుదే.

"ఆయనగారు చూసేది లేదూ పెట్టేది లేదండీ అమ్మగారూ. పడవలో తడిక కింద చాప వేయించుకుంటారు. తెచ్చుకున్న పులిహోర తింటారు. పడుకుంటారు. ఆ గురక్కి మా ఆయన నవ్వాపుకోలేక గెడ వదిలేస్తాడండీ. ఎండ చల్లారాక లేచి మొహం కడుక్కుని, ఇక పోదాం పద అంటారు."

"మరి దుర్భిణి?"

"తలకింద పెట్టుకుంటారండీ."

వెంకటనరసమ్మ ఆ మాట ఎవరితోనూ అనలేదు. దాక్షిణ్యం వల్ల కాదు. అంత చిన్న అబద్ధాన్ని పట్టుకుని బయటపెట్టడం తన స్థాయికి తక్కువనుకుంది. పైగా ఆవిడ లెక్కలో, విన్నవాళ్ళు మాత్రం ఏం ఘనులు? ఎనిమిది మైళ్ళ దూరంలో సరస్సు ఉంటే ఆ పీటల మీద కూర్చున్నవాళ్ళలో ఒక్కడూ దాని మొహం చూడలేదు. చూడకుండా నవ్వేవాడికీ, చూడకుండా చెప్పేవాడికీ ఆవిడకి పెద్ద తేడా కనపడలేదు.

ఒక ఏడు ఫాల్గుణమాసంలో ఒక ఆదివారం గంగాధరరావు తిరిగొచ్చి పీట మీద కూర్చుని పప్పు కలుపుకుని అలాగే ఉండిపోయాడు. నెయ్యి వేస్తుంటే చాలనలేదు, ఇంకా అనలేదు. ఆవిడ చూసింది. చారు దగ్గరికి వచ్చినా నోరు విప్పలేదు. చివరికి రామమూర్తే అడిగాడు.

"ఏవండీ, ఇవాళ పక్షులకి సెలవా?"

"రాజహంసలండీ" అన్నాడు గంగాధరరావు మెల్లిగా. "పడవ బురదకి తగిలి పక్కకి ఒరిగింది. మెలకువ..." అని నాలిక కరుచుకుని, "లేచి నిలబడ్డాను. ఎదురుగా ఉన్నాయి. కాళ్ళు చాలా పొడుగు. ఎర్రగా ఉన్నాయి. తెల్లగానూ ఉన్నాయి. నాకు చెప్పడం రావడం లేదండీ" అన్నాడు.

పీటలన్నీ గొల్లుమన్నాయి. రామమూర్తి కళ్ళు తుడుచుకున్నాడు.

"రాజహంసలు మానససరోవరంలో కదండీ ఉండేది? శ్రీపర్రు మీదుగా మానససరోవరానికి కొత్తగా దారి వేశారా?"

ఇంకొకాయన, "పాలూ నీళ్ళూ వేరు చేశాయా? అయితే ఒకదాన్ని పట్టుకురండి, మన పాలవాడి సంగతి తేలిపోతుంది" అన్నాడు.

గంగాధరరావు సగం అన్నం వదిలేసి లేచాడు. ఆ ఇంట్లో ఆయన విస్తరి అలా లేవడం అదే మొదలు. అది చూసి వెంకటనరసమ్మకి అర్థమైంది. ఈ మనిషి నిజం చెబుతున్నాడు. అబద్ధమైతే రాజహంస ఆయన వైపు తిరిగి తలూపి ఉండేది. ఈసారి అది ఏమీ చెయ్యలేదు. ఆయనకి మాటలు చాలలేదు.

నవ్వులు ఆ రాత్రితో పోలేదు. మంగలి దగ్గర, కోర్టు వరండాలో, కిళ్ళీకొట్టు దగ్గర గంగాధరరావుకి రాజహంసగారని పేరు స్థిరపడింది. ప్లీడరుగారు కూడా కాగితం అందుకుంటూ, "పాలు వేరు, నీళ్ళు వేరు చేసి రాశావా?" అన్నారట. పది అబద్ధాలు చెప్పినప్పుడు రాని అవమానం ఒక్క నిజానికి వచ్చిపడింది. ఆయన మొహం వాడిపోయింది. వెంకటనరసమ్మ జాలిపడలేదు. చూసినవాడికి చూసింది చాలదా అనుకుంది. నవ్వేవాళ్ళ నవ్వు చూసి తన కళ్ళని తానే అనుమానించుకునేవాడు మనిషేనా అని ఆవిడ అభిప్రాయం.

ఆ నెలలోనే కొల్లేటికోట పెద్దింటమ్మ తీర్థం. ఏలూరులో అంతకు ముందు ఎండాకాలం కలరా వచ్చినప్పుడు, తన ఇంట తిన్నవాళ్ళలో ఒక్కడికీ ఏమీ కాకపోతే అమ్మవారికి కొబ్బరికాయ కొడతానని వెంకటనరసమ్మ మొక్కుకుంది. రత్నం బతిమాలి బయల్దేరదీసింది. పూటకూళ్ళ ఇల్లు పెట్టిన తర్వాత ఒక పూటైనా పొయ్యి ఆర్పి ఎరగదు. ఆ రోజు ఆర్పింది. తినేవాళ్ళు గొణిగారు. "ఒక్క పూట గాలి తినండి, గొప్పలకి అదే సరిపోతుంది" అని తాళం వేసింది.

శ్రీపర్రు రేవులో సూర్రావు పడవ దగ్గరికి వెళ్ళేసరికి అందులో అప్పటికే గంగాధరరావు ఉన్నాడు. పక్కన అబ్బాయిరాజు. ఆయనకి దెందులూరు వైపు బోలెడు పొలం, మీసం, తుపాకీ ఉన్నాయి. తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరూ తీర్థానికేనా పిన్నిగారూ?" అన్నాడు గంగాధరరావు. చాలా రోజులకి ఆయన గొంతులో హుషారు వినపడింది.

"నేను అమ్మవారి దగ్గరికి. మీరు ఎవరి మీదకి?"

"ఋజువు కోసమండీ. రాజుగారు దయతలిచి వచ్చారు. ఒక్కదాన్ని కొట్టి తీసుకెళ్తే చాలు. మద్రాసులో గడ్డి కూరి బతికున్నట్టే నిలబెట్టి ఇస్తారట. తెచ్చి ఆ రామమూర్తి విస్తరి ముందు నిలబెడతాను."

వెంకటనరసమ్మ పడవ వెనకవైపు రత్నం పక్కన కూర్చుంది. సూర్రావు గెడ వేశాడు.

మనిషెత్తు పెరిగిన కిక్కిసగడ్డి దాటేసరికి నీళ్ళు తెరుచుకున్నాయి. ఆవిడ అంత నీరు ఎప్పుడూ చూడలేదు. చూసిన నీరంతా బిందెల్లోదీ, కాలవలోదీ. గూడబాతులు గుంపులుగా, పెద్దింటి ముత్తయిదువుల్లా నింపాదిగా ఈదుతున్నాయి. కింద ముక్కుకి సంచీ వేలాడుతోంది. నల్లటి నీటికాకులు కర్రల మీద రెక్కలు ఆరేసుకున్నాయి. చలికాలంలో వచ్చిన బాతులు తిరుగు ప్రయాణానికి సిద్ధమై నీటి మీద గోలగోలగా ఉన్నాయి. డప్పుల పడవలు కోట వైపు పోతున్నాయి. అబ్బాయిరాజు దారి పొడుగునా తాను కొట్టిన జంతువుల పేర్లు చెప్పాడు. గంగాధరరావు ఆహా అంటూ వచ్చాడు. వెంకటనరసమ్మ ఎవరి మాటా వినకుండా నీటివైపు తిరిగి కూర్చుంది.

అమ్మవారి దర్శనమైంది. కాయ కొట్టి, చిప్పలు ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని ఆవిడ పడవెక్కింది. తిరుగుదారిలో అబ్బాయిరాజు పడవని పక్కన నీళ్ళు పలచగా ఉన్న మట్టి మేటల వైపు మళ్ళించమన్నాడు. సూర్రావు ఇష్టం లేనట్టు నిలబడ్డాడు.

"ఆడవాళ్ళున్నారండీ రాజుగారూ. వాళ్ళని దింపొచ్చాక..."

"అంతసేపు కూర్చుంటాయా అవి? పోనీ."

పడవ గడ్డి చాటునుంచి మెల్లిగా జారింది. మేట మీద, చీలమండలోతు నీళ్ళలో అవి నిలబడి ఉన్నాయి. నాలుగో ఐదో. వెంకటనరసమ్మ ముందు కాళ్ళు చూసింది. అంత సన్నటి కాళ్ళ మీద అంత ఒళ్ళు ఎలా నిలిచిందో తెలియలేదు. ఒళ్ళు తెలుపే, ఆ తెలుపులో తమలపాకు వేసుకున్న పెదవి ఎరుపు చెదిరినట్టుంది. తల కిందికి వేసి, వంకర ముక్కుని తలకిందులుగా నీళ్ళలో పెట్టి జల్లెడ పడుతున్నాయి. అందం, వికారం రెండూ ఒకే మెడకి ఉండడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

అబ్బాయిరాజు తుపాకీ ఎత్తాడు. గంగాధరరావు గుసగుసగా అన్నాడు. "తలకి తగలకుండా చూడండి రాజుగారూ. కాళ్ళు కూడా చెడకూడదు. కాళ్ళే ముఖ్యం."

"గంగాధరరావుగారూ" అంది వెంకటనరసమ్మ. గొంతు తగ్గించలేదు. "ఆవేళ మీరు చూసినవి ఇవేనా?"

"ఇవేనండీ. మెల్లిగా, పిన్నిగారూ."

"అయితే చూశారుగా. ఇంకేం కావాలి?"

"నేను చూస్తే ఏం లాభమండీ? వాళ్ళు చూడాలి."

ఆ మాటతో ఆవిడకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ లేని పక్షుల్ని చూశానని చెప్పాడు. వాటికి ఏ అపకారమూ జరగలేదు. ఉన్న పక్షిని కళ్ళారా చూసిన పాపానికి తుపాకీ తెచ్చాడు. పీటల మీద చారు తాగేవాళ్ళ నవ్వు ఆపడానికి ఈ ఎర్రకాళ్ళది చావాలట.

ఆవిడ పళ్ళెంలో చిప్పలు రత్నం ఒళ్ళో పోసింది. లేచి నిలబడి, రాగిచెంబుతో ఇత్తడి పళ్ళెం మీద బలం కొద్దీ కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఖంగుమన్న మోత నీటి మీద చాలా దూరం పోయింది.

రాజహంసలు నాలుగడుగులు నీటి మీద పరిగెత్తి లేచాయి. లేస్తూ రెక్కలు విప్పాయి. మడిచిపెట్టి ఉన్నంతసేపూ కనపడని ఎరుపు, చివర నలుపు, ఒక్కసారిగా ఆకాశంలో పరుచుకుంది. తుపాకీ పేలింది. గుళ్ళు నీళ్ళలో పడ్డాయి. ఆ చప్పుడుకి సరస్సు మీద ఉన్న బాతులన్నీ లేచి, కాసేపు ఎండ కనపడలేదు.

"ఎవరీవిడ?" అని అబ్బాయిరాజు కేకలేశాడు. "బుద్ధుందా మీకు?"

"అన్నం వండే దాన్ని నాయనా. తినని దాన్ని చంపడం మా వంటింట్లో లేదు."

సూర్రావు గెడ పట్టుకుని గడ్డివైపు మొహం తిప్పుకున్నాడు. రత్నం పమిట నోట్లో కుక్కుకుంది. గంగాధరరావు రెండు చేతులతో తల పట్టుకుని, "నా పరువు తీశారు పిన్నిగారూ" అన్నాడు.

"మీ పరువు ఆ పక్షి పొట్టలో గడ్డిలా కూరి ఉందని నాకేం తెలుసండీ?"

రేవు వచ్చేలోగా ఆవిడ కొబ్బరిచిప్ప కొట్టించి రత్నానికీ సూర్రావుకీ పెట్టి, తనూ ఒక ముక్క తింది.

తర్వాత జరిగింది ఇంకా విడ్డూరం. అబ్బాయిరాజు ఊరుకోలేదు. ఏలూరులో ఎక్కడ నలుగురు కనపడితే అక్కడ, సరిగ్గా గురి కుదిరిన రాజహంసని ఒక పూటకూళ్ళావిడ పళ్ళెం వాయించి లేపేసిందని చెప్పాడు. పొలం ఉన్న మనిషి, మీసం ఉన్న మనిషి. అందరూ వెంటనే నమ్మారు. రామమూర్తి తాను ముందునుంచీ అనుకుంటూనే ఉన్నానన్నాడు. ఏదో ఇంగ్లీషు పుస్తకంలో ఉందని, ఫలానా పేజీ అని కూడా చెప్పాడు. ఋజువు అక్కర్లేకుండానే గంగాధరరావు చూసింది నిజమైపోయింది.

రీడింగు రూములో సభ పెట్టి ఆయనకి దండ వేశారు. ఆయన దుర్భిణి మెళ్ళో వేసుకునే మాట్లాడాడట. ఆ రాత్రి పీటల మీద ఆ ఉపన్యాసం సంగతి వెంకటనరసమ్మకి చేరింది. తుపాకీ ఎత్తిన చేతిని తానే పట్టుకుని ఆపానని, మూగజీవుల కోసం పడవలో నిలబడి కంచం మోగించానని ఆయన చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. రాజుగారు చెప్పిన పూటకూళ్ళావిడ ఏమైందని ఎవరూ అడగలేదు.

అప్పుడు గంగాధరరావు కూడా అక్కడే తింటున్నాడు. దండలో పూరేకు ఒకటి ఆయన భుజం మీద అంటుకుని ఉంది. తల ఎత్తలేదు.

వెంకటనరసమ్మ చారు గిన్నెతో ఆయన ముందు ఆగింది.

"మీరు పడుకున్నప్పుడే మేలండీ గంగాధరరావుగారూ. పులిహోర ఒక్కటే పోయేది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనకి అర్థమైంది. మర్నాటినుంచి ఆయన స్టేషను దగ్గర కొత్తగా పెట్టిన ఉడిపి హోటల్లో తినడం మొదలుపెట్టాడు. వెంట ఇద్దరు ముగ్గురిని తీసుకుపోయాడు. ఆవిడ పీటలు తీసి గోడకి ఆనించింది.

రాజహంసల పేరు పాకి, మరుసటి ఏడు ఫాల్గుణంలో ఏలూరునుంచీ తాడేపల్లిగూడెంనుంచీ తుపాకుల పడవలు బయల్దేరాయి. చూడాలనే వచ్చామన్నారు అందరూ. అవి మాత్రం రాలేదు. గూడబాతులూ నీటికోళ్ళూ దొరికినవి దొరికినట్టు తిన్నారు. అబ్బాయిరాజు పొరపాటున తన పడవకే చిల్లు పెట్టుకుని, నడుంలోతు నీళ్ళలో తుపాకీ నెత్తిన పెట్టుకుని నడిచొచ్చాడని రత్నం చెప్పింది. వెంకటనరసమ్మ ఆ కథని రెండుసార్లు చెప్పించుకుంది.

ఆ తర్వాత ప్రతి ఫాల్గుణంలోనూ ఒక రోజు ఆవిడ పొయ్యి ఆర్పి కొల్లేటికి వెళ్ళేది. మొక్కు లేదు, తీర్థం లేదు. పడవ మధ్యలో కూర్చుని, మాట్లాడకుండా, సాయంత్రం దాకా చూసేది. ఏం చూశారని ఎవరైనా అడిగితే, "నీళ్ళు" అనేది. రెండేళ్ళ తర్వాత ఒకసారి మళ్ళీ రాజహంసలు కనపడ్డాయని రత్నం ఇంట్లో మాత్రమే చెప్పుకున్నారు. ఆవిడ ఏలూరులో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఏడు రామమూర్తి మేష్టారు తనూ వస్తానని పట్టుబట్టాడు. "నోరు మూసుకుంటానంటే రండి" అంది. మూసుకుంటానన్నాడు. కిక్కిసగడ్డి దాటి నీళ్ళు తెరుచుకోగానే ఆయన చెయ్యెత్తి, "అసలు శాస్త్రప్రకారం చూస్తే ఈ కొంగజాతి..." అని మొదలుపెట్టాడు.

"సూర్రావ్" అంది వెంకటనరసమ్మ, "దగ్గర్లో ఉన్న లంకలో మేష్టారిని దింపు. చీకటి పడకముందు ఎక్కించుకుందాం."

సూర్రావు దింపాడు. మేష్టారు ఆ లంకలో మేకల మధ్య, ఆరేసిన వలల పక్కన సాయంత్రం దాకా కూర్చున్నాడు.